పెరటి కబుర్లు: గూడు దిగని పెట్ట

కిందటి సంచికలో మునగాకు పొడి గురించి రాశాక చాలామంది ఫోను చేశారు. అందులో జయపురం సోదరి ఒకావిడ పొడి సంగతి రెండు మాటల్లో తేల్చేసి, "మా పెట్ట నిన్నటినించీ గూడు దిగలేదండీ, ఏం చెయ్యమంటారు?" అని అడిగారు. నాకు తెలిసింది చెప్పాను. నా చేతులారా ఒక పెట్టను చంపుకున్న సంగతి మాత్రం ఆవిడకి చెప్పలేకపోయాను. అది ఇక్కడ రాస్తున్నాను.

రాయగడలో మా ఇంటి పెరడు పెద్దదే. మా అత్తగారి కాలమంతా నాటుకోళ్లే. పొద్దున్న గంప ఎత్తితే సాయంత్రం దాకా చెదలూ పురుగులూ ఏరుకు తినేవి. ఏడాదికి యాభై, అరవై గుడ్లు పెట్టేవి, పొదిగేవి. వాటికి ఎవరూ పురుడు పోయలేదు. మూడేళ్ల కిందట మా అబ్బాయి వనరాజా పిల్లలు తెచ్చాడు. ఇవి హైదరాబాదు రాజేంద్రనగర్ పరిశోధన కేంద్రంలో పెరటి పెంపకానికని తయారుచేసిన జాతి. ఏడాదికి వంద గుడ్లు దాటి పెడతాయి. అందులో ఎర్రదానికి మా మనవరాలు రాణి అని పేరు పెట్టింది. పేరుకు తగ్గట్టే పెంచాం. పొద్దున్న నూకలు, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం మళ్లీ నూకలు. వచ్చినవాళ్లందరూ "ఎంత బలిసిందండీ!" అంటే మురిసిపోయేదాన్ని.

ఒకరోజు రాణి గూట్లో కూర్చుని దిగలేదు. మా అత్తగారు తొంగి చూసి, "పొదుక్కి కూకుండిపోయింది, దాన్నేటీ కదపకమ్మా" అన్నారు. నేను కూడా అదే అనుకుని కింద పది గుడ్లు సర్దాను. రెండు రోజులు అలాగే గడిచాయి. మూడోనాడు చూస్తే తురాయి పాలిపోయింది, తోక వాలిపోయింది, కళ్లు సగం మూతపడ్డాయి. కింద చెయ్యి పెడితే గట్టిగా గుడ్డు తగిలింది. అప్పటికైనా డాక్టరుకి ఫోను చెయ్యాలా? చెయ్యలేదు. నూనె రాసి, ఒక చేత్తో పొట్ట నొక్కుతూ రెండో చేత్తో లాగబోయాను. లోపలే పుటుక్కుమంది. పెంకులు కొన్ని వచ్చేసరికి "అమ్మయ్య" అనుకున్నాను కూడా. మర్నాడు సాయంత్రానికి రాణి పోయింది. మనవరాలు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

తరవాత పశువుల డాక్టరుగారు చెప్పారు. గుడ్డు చెక్కుచెదరకుండా ఉన్నంతసేపూ ఆశ ఉంటుందిట. లోపల పగిలితే పెంకు అంచులు దారిని కోసేస్తాయి, చీము పడుతుంది. ఇంకో మాట కూడా అన్నారు: వనరాజా పెట్టలకి పొదిగే బుద్ధి దాదాపు ఉండదు. అంటే రాణి కూర్చున్న మొదటిరోజే మాకు అనుమానం రావలసింది!

పొదుగు పెట్టనీ గుడ్డు అడ్డుపడిన పెట్టనీ గుర్తుపట్టడం అంత కష్టం కాదు. పొదుగు పెట్ట దగ్గరికి వెళితే ఈకలు ఉబ్బించి గుర్రుమంటుంది, చెయ్యి పెడితే పొడుస్తుంది. రోజుకోసారి దిగి గబగబా తిని మళ్లీ ఎక్కుతుంది. గుడ్డు అడ్డుపడినది మెతకగా ఉంటుంది, ఎత్తితే ఊరుకుంటుంది. గూట్లోకీ బయటికీ తిరుగుతుంది, ముక్కుతుంది, తోక పైకీ కిందకీ ఆడిస్తుంది, బాతులా నడుస్తుంది, మేత ముట్టదు.

కిందటి సంక్రాంతి వెళ్లాక చుక్కమ్మకి సరిగ్గా ఇవే లక్షణాలు కనిపించాయి. ఈసారి ముందు డాక్టరుగారికే ఫోను చేశాను. కంగారులో నా ఒడియా అంతా ఎగిరిపోయి "అండా అటకి గలా, అండా అటకి గలా" అని రెండుసార్లు అరిచాను. గుడ్డు ఆగిపోయిందనేగా, ఆయనకి అర్థమయింది. ఆయన చెప్పినట్టే బేసినులో గోరువెచ్చని నీళ్లు పోశాను. పసిపిల్లల స్నానానికి చూసినట్టు మోచేత్తో చూసుకుని, పెట్టను నడుం దాకా ముంచి ఇరవై నిమిషాలు కూర్చోబెట్టాను. మొదట రెక్కలు కొట్టి నన్ను తడిపేసింది గాని, కాసేపటికి కళ్లు మూసుకుంది. తువ్వాలుతో ఒత్తి, ద్వారం దగ్గర పైపైన కాస్త నూనె రాసి, గడ్డి పరిచిన గంప కింద చీకట్లో ఉంచాను. పక్కన గుడ్డ చుట్టిన వేణ్ణీళ్ల సీసా పెట్టాను. వేలు పెట్టలేదు, పొట్ట నొక్కలేదు. సాయంత్రానికి రాకపోతే తీసుకురండి, కాల్షియం ఇంజక్షను ఇస్తానన్నారు. నాలుగు గంటల తరవాత గంప ఎత్తితే గుడ్డు ఉంది, గరుకుగా, పల్చటి పెంకుతో. ఒకరోజు దాటితే ప్రాణం మీదికి వస్తుందని ఆయన అన్న మాట కూడా రాయాలి. నీళ్లతో అన్నిసార్లూ పని జరగదు.

ఆ పల్చటి పెంకే అసలు జబ్బు ఏమిటో చెప్పింది. ఒక గుడ్డు తయారు కావడానికి రోజు పైన పడుతుంది. అందులో 20 గంటలు పెంకుకే. ఒక్కో పెంకులో 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. గుడ్డును బయటికి నెట్టే కండకి కూడా కాల్షియమే బలం. నూకల్లో అది ఏమీ లేనట్టే. మన కొరాపుటు వైపు మాండియా అని గొప్పగా చెప్పుకునే చోళ్లలో కూడా 100 గ్రాములకి 340 మిల్లీగ్రాములే. లెక్క చూడండి, ఒక పెంకుకి దాదాపు 600 గ్రాముల చోళ్లు కావాలి. పెట్ట రోజంతా తినేది 100, 120 గ్రాములు! అందుకని ఇప్పుడు గుల్లల పొడి, ఎండబెట్టి మెత్తగా దంచిన గుడ్డు పెంకులు విడిగా ఒక మూకుడులో పెడుతున్నాను. కావలసిన పెట్ట కావలసినంత తింటుంది. మేతలో కలపను, పిల్లలకి అది ఎక్కువైతే మంచిది కాదు. నూకలు సగం తగ్గించాను. వనరాజా పెట్ట ఆరు నెలలకి రెండు, రెండున్నర కిలోలుండాలిట. మా రాణి ఎంత ఉండేదో తూచలేదు గాని, దాన్ని ఎత్తితే నా నడుం పట్టేసేది. లోపల పట్టిన కొవ్వు కూడా దారికి అడ్డమే.

అన్నిటికీ ఇంత హడావిడి అక్కర్లేదు లెండి. కొరాపుట్‌లో మా వదిన, "మూడు పెట్టలూ గుడ్లు మానేశాయి, మందేదైనా పట్టుకురా" అని పుష్యమాసంలో కబురు పెట్టింది. రైల్లో సొరంగాలన్నీ లెక్కపెట్టుకుంటూ వెళ్లాను. చూస్తే వాటికి జబ్బేం లేదు. ఈకలు రాలుస్తున్నాయి, పగలు చిన్నదయింది. దాదాపు మూడువేల అడుగుల ఎత్తు, ఆ చలి! కొత్త ఈకలకి బలం కావాలని కాస్త వేరుశనగ చెక్క పెట్టమన్నాను. అన్నయ్యగారు అప్పటికే ఆదివారం కూరకి ముహూర్తం పెట్టేశారు. శివరాత్రి దాకా వాయిదా వేయించేసరికి నా తాతలు దిగివచ్చారు. శివరాత్రి వెళ్లిన మూడోనాడు వదిన ఫోను చేసి, ఒక గుడ్డు దొరికిందని చెప్పింది.

జయపురం సోదరి కూడా మళ్లీ ఫోను చేశారు. ఆవిడది నాటు పెట్టే. నేను చెప్పినట్టు చెయ్యి పెట్టి చూస్తే చుర్రుమనేలా పొడిచిందిట! కింద పదకొండు గుడ్లు సర్దారు. 21 రోజులకి తొమ్మిది పిల్లలు దిగాయి.