గిబియోనీయులకిచ్చిన మాట

దావీదు కాలంలో మూడేళ్లు వరుసగా కరువు వచ్చింది. కారణమేమిటని రాజు దేవుని సన్నిధిలో విచారించాడు. విగ్రహారాధన అనో, విశ్రాంతిదినాన్ని మీరడమనో జవాబు వస్తుందని మనం ఊహిస్తాం. వచ్చిన జవాబు వేరు. సౌలు గిబియోనీయులను చంపించాడు, అదీ కారణం (2 సమూయేలు 21). ఎవరీ గిబియోనీయులు? ఎంతోకాలం క్రితం యెహోషువ దగ్గరికి పాత చెప్పులు, బూజుపట్టిన రొట్టెలతో వచ్చి, దూరదేశస్థులమని నమ్మించి, ప్రాణాలు కాపాడుతామని ప్రమాణం చేయించుకున్నవాళ్లు. మోసం మూడు రోజులకే బయటపడింది. అయినా దేవుని పేరిట ప్రమాణం చేశాం గనుక తప్పకూడదన్నారు ఇశ్రాయేలు పెద్దలు. తరాలు గడిచాక సౌలు తన జనంమీద ఆసక్తితో ఆ మాట తప్పాడు. తప్పినవాడు చనిపోయాడు, రాజవంశమే మారిపోయింది, దేవుని లెక్కలో మాత్రం ఆ బాకీ అలాగే ఉంది.

ఆ అధ్యాయంలో తర్వాత జరిగిన సంగతి మనకు అంత సులువుగా మింగుడుపడదు, అది వేరే చర్చ. ఇక్కడ గమనించవలసింది దావీదు తీరు. ఇది నా ఏలుబడిలో జరగలేదు కదా అని ఆయన తప్పించుకోలేదు. గిబియోనీయులను పిలిపించి, మీకు నేనేమి చేయాలని అడిగాడు.

తెల్లవారు వలస వెళ్లిన దేశాల్లో అక్కడి ఆదివాసులు నేటికీ ప్రభుత్వాల ముందుంచుతున్న ప్రశ్న ఇదే. మా తాతలతో సంతకం పెట్టించుకున్న ఒప్పందం మాటేమిటి? మా భూమి ఏది? మా వ్యవహారాలు మేమే చూసుకునే హక్కు ఏది? న్యూజీలాండులో ఈ ప్రశ్న చర్చి గుమ్మం దగ్గర కూడా నిలబడింది. ఎందుకంటే అక్కడి ఒప్పందానికి మాటలు కూర్చింది ఒక మిషనరీ.

1840 ఫిబ్రవరి 4 సాయంత్రం బ్రిటిష్ ప్రతినిధి కెప్టెన్ హాబ్సన్ ఇంగ్లిషులో రాసిన ఒప్పందాన్ని చర్చ్ మిషనరీ సొసైటీకి చెందిన హెన్రీ విలియమ్స్ చేతికిచ్చాడు. విలియమ్స్, ఆయన కుమారుడు ఎడ్వర్డ్ రాత్రికి రాత్రే దాన్ని మావోరీ భాషలోకి తెచ్చారు. ఫిబ్రవరి 6న వైటాంగిలో సంతకాలు మొదలయ్యాయి. ఆ తర్వాత మిషనరీలు కూడా ప్రతులు పట్టుకుని తిరిగి సంతకాలు సేకరించారు. మొత్తం 500 మందికి పైగా మావోరీ పెద్దలు అంగీకరించారు. అందరూ దాదాపు మావోరీ ప్రతిమీదే సంతకం పెట్టారు. ఇంగ్లిషు ప్రతిమీద పెట్టినవారు 40 మంది లోపే.

రెండు ప్రతులూ ఒకటి కావు. మొదటి అంశంలో ఇంగ్లిషు ప్రతి సార్వభౌమాధికారాన్ని పూర్తిగా బ్రిటిష్ రాణికి అప్పగిస్తున్నట్టు చెబుతుంది. మావోరీ ప్రతిలో అక్కడున్న మాట 'కావనతాంగ'. గవర్నరు అనే మాట నుంచి పుట్టించిన పదమది. మావోరీ బైబిలులో పిలాతును కూడా 'కావన' అనే అన్నారు. అంటే పైనుంచి వచ్చిన ఒక అధికారి చేసే పాలన. రెండవ అంశంలో పెద్దలకు తమ భూములమీద, ఊళ్లమీద, తమకు విలువైన సమస్తంమీద 'రంగతిరతాంగ' ఉంటుందని హామీ ఉంది. ప్రభువు నేర్పిన ప్రార్థనలో మనం 'రాజ్యము' అనేచోట మావోరీ విశ్వాసులు పలికే మాట అదే! ఆదివారం ఆరాధనలో ఈ రెండు మాటలూ విన్నవాడు ఆ కాగితాన్ని ఎలా అర్థం చేసుకుని ఉంటాడో వేరే చెప్పాలా? 1835 నాటి స్వాతంత్ర్య ప్రకటనను తర్జుమా చేసినప్పుడు ఇదే విలియమ్స్ భూమిమీది అధికారానికి 'మన' అనే మాట వాడాడు. అయిదేళ్ల తర్వాత ఆ మాట మాయమైంది. కావాలని చేశాడా, మావోరీలకు మేలే జరుగుతుందని నమ్మి చేశాడా అన్నది చరిత్రకారులు నేటికీ తేల్చుకోలేదు. ఏదైనా, ఆ పెద్దలు ఎరిగినది హాబ్సన్‌ను కాదు. తమ మధ్య పదిహేడేళ్లుగా బతుకుతున్న బోధకుణ్ణి ఎరుగుదురు. ఒప్పందాన్ని వాళ్లు బైబిలు భాషలో నిబంధనగా ఎంచారు.

ఆ సొసైటీ మనకు పరాయిది కాదు. వైటాంగి సంతకాల మరుసటి ఏడు, 1841లో, రాబర్ట్ నోబుల్‌ను, హెన్రీ ఫాక్స్‌ను మచిలీపట్నానికి పంపింది అదే.

తర్వాతి కథ తెలిసిందే. 1860లలో యుద్ధాలు వచ్చాయి. 1863లో చేసిన చట్టంతో, ఎదురు తిరిగారన్న పేరుమీద లక్షల ఎకరాలు జప్తు చేశారు. యుద్ధం తీసుకోనిది భూమి కోర్టులు, కొనుగోళ్లు తీసుకున్నాయి.

కాని అన్నింటికన్నా మనసును కలచేది 1877 నాటి ఒక తీర్పు. 1848లో న్గాతి తోవా తెగవారు పోరిరువా దగ్గర వితిరేయ అనేచోట తమ పిల్లల కోసం బడి కట్టమని ఆంగ్లికన్ బిషప్పుకు భూమి ఇచ్చారు. 1850లో ప్రభుత్వం బిషప్పు పేర పట్టా రాసింది. బడి మాత్రం లేవలేదు. విరెము పరాటా అనే మావోరీ నాయకుడు, అప్పటికే పార్లమెంటు సభ్యుడిగా పనిచేసినవాడు, భూమి తిరిగి ఇవ్వమని వెల్లింగ్టన్ బిషప్పుమీద దావా వేశాడు. ప్రధాన న్యాయమూర్తి ప్రెండర్‌గాస్ట్ దావా కొట్టేయడమే గాక, వైటాంగి ఒప్పందమే విలువలేని కాగితమన్నట్టు తీర్పు రాశాడు. ఆ తీర్పు నీడ దశాబ్దాలపాటు మావోరీల హక్కులమీద పడింది. ప్రతివాది స్థానంలో నిలబడింది బిషప్పు! మన మిషన్ కాంపౌండ్లు ఇక్కడ గుర్తుకు రాక మానవు. బడికని, ఆసుపత్రికని ఇచ్చిన స్థలంలో దుకాణాల సముదాయం లేచిన ఊళ్లు మనకూ తెలుసు. ఇచ్చినవాళ్ల మనవలు ఏమనుకుంటున్నారో ఏ కమిటీ అయినా అడిగిందా?

మావోరీలు మాత్రం అడగడం మానలేదు. 1975లో 79 ఏళ్ల వినా కూపర్ అనే పెద్దావిడ ఉత్తర కొస నుంచి వెల్లింగ్టన్ వరకు భూమియాత్ర నడిపించింది. అదే ఏడు వైటాంగి ట్రైబ్యునల్ ఏర్పడింది. 1840 నాటి నుంచి జరిగిన అన్యాయాలన్నీ విచారించే అధికారం దానికి 1985లో వచ్చింది. 1995లో వైకటో తెగలకు 17 కోట్ల న్యూజీలాండు డాలర్ల విలువైన పరిష్కారం దక్కింది. క్షమాపణతో కూడిన ఆ చట్టంమీద ఎలిజబెత్ రాణి స్వయంగా సంతకం చేసింది. పోయినదానితో పోలిస్తే వచ్చింది కొద్దే, దాన్ని దానమనడం అన్యాయం. ఉత్తర ప్రాంతపు పెద్దలు 1840లో సార్వభౌమాధికారాన్ని వదులుకోలేదని ట్రైబ్యునల్ 2014లో తేల్చింది.

ఎప్పుడో తాతల నాటి ఒప్పందం ఇప్పుడెందుకు, అందరూ సమానమే కదా అనేవారు అక్కడా ఉన్నారు. ఒప్పందపు సూత్రాలకు కొత్త అర్థం చెప్పే బిల్లు 2024లో పార్లమెంటుకు వచ్చింది. సమానత్వం మంచి మాటే. అయితే భూమి ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారాక పలికే సమానత్వాన్ని కొంచెం అనుమానంగానే చూడాలి. వేలాది మంది పార్లమెంటుకు నడిచి వెళ్లారు. ఈ బిల్లు వద్దని 400 మందికి పైగా క్రైస్తవ నాయకులు బహిరంగ లేఖ రాశారు. 2025 ఏప్రిల్ 10న బిల్లు 11 ఓట్లకు 112 ఓట్లతో వీగిపోయింది.

సంఘం తన ఇంటిని కూడా కొంత సర్దుకుంది. అక్కడి ఆంగ్లికన్ సంఘం 1928లో మొదటి మావోరీ బిషప్పును అభిషేకించింది. 1992లో నియమావళి మార్చుకుని, మావోరీ విశ్వాసులు తమ పద్ధతిలో తమ వ్యవహారాలు నడుపుకొనే వీలు కల్పించింది.

టౌరంగా సంగతి ఒకటి మిగిలింది. భూమి వలసదారుల పాలు కాకుండా కాపాడతామని 1830లలో అక్కడి మిషనరీలు మావోరీల నుంచి 1,300కు పైగా ఎకరాలు కొన్నారు. 1867లో ప్రభుత్వ ఒత్తిడికి లొంగి అందులో అయిదింట నాలుగు వంతులు ప్రభుత్వానికి ఇచ్చేశారు. 2018 డిసెంబరులో సంఘ పెద్దలు టౌరంగా వెళ్లి, ఆ భూమి పోగొట్టుకున్న తెగల ముందు నిలబడి క్షమాపణ అడిగారు. అప్పటికి 151 ఏళ్లు గడిచాయి. ఆ నేలమీద ఇప్పుడు నగరం నడిబొడ్డు ఉంది.