చేతకాదా, చెయ్యరా?

ఆఫీసులో పదేళ్లుగా నేను ఎక్కువసార్లు టైపు చేసిన మాట ‘నాట్ సపోర్టెడ్’ అనుకుంటాను. ఎవరో కస్టమర్ తన పాత వెర్షన్‌లో ఏదో చెడిందని రాస్తాడు, నేను ఆ మాట రాసి టికెట్ మూసేస్తాను. అందులో తప్పుందని ఎప్పుడూ తోచలేదు. కిందటి వేసవిలో, 2025లో, బన్సీలాల్‌పేటలో మా చిన్నాన్న వాళ్లింట్లో ఒక పాత మాక్‌బుక్ ముందు రెండు రాత్రులు కూర్చున్నాక మాత్రం ఆ మాట వింటే ఒళ్లు మండుతోంది.

సాహిత్య పత్రికలో కంప్యూటర్ గోలేమిటని విసుక్కోకండి. నా గొడవ ఒక మాటతో. మాటల్ని పట్టుకుని పీకడమేగా ఇక్కడ మనందరం చేసే పని!

చిన్నాన్న కూతురు బీటెక్ మూడో ఏడాది. ఐఫోన్ యాప్‌లు రాయడం నేర్చుకుంటానంది. దానికి ఎక్స్‌కోడ్ కావాలి, ఎక్స్‌కోడ్‌కి మాక్ కావాలి. కొత్తది కొనే స్తోమత ఆ ఇంట్లో లేదు. పార్క్‌లేన్‌లో సీటీసీకి వెళ్లి 2012 మోడల్ పదమూడంగుళాల మాక్‌బుక్ ప్రో ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకుంది. అమ్మినతను నిజాయితీపరుడే. “కాటలీనా దాకనే ఎక్కుతది చెల్లె, దానిమీదకి సపోర్ట్ లేదు” అని ముందే చెప్పాడట. ఆ ముక్క ఖరీదు ఇంటికొచ్చాక తెలిసింది. కాటలీనాలో ఎక్స్‌కోడ్ 12.4 దాటి ఎక్కదు. 2025 ఏప్రిల్ నుంచి యాప్ స్టోర్‌కి పంపే యాప్‌ని ఎక్స్‌కోడ్ 16తో కట్టాలన్నారు. దానికేమో కనీసం సొనోమా 14.5 కావాలి. అంటే ఆ పిల్ల రాయడం నేర్చుకోవచ్చు, రాసింది పంపడానికి లేదు.

ఈ మోడల్ 2012లో వచ్చిందనగానే “పదమూడేళ్ల పాతది కదా” అంటారు. కానీ ఆపిల్ దీన్ని 2016 అక్టోబరు దాకా కొత్తదిగా అమ్మింది. దీన్ని పక్కన పెట్టేసిన బిగ్ సర్ 2020 నవంబరులో వచ్చింది. ఆఖర్న కొన్నవాడికి దక్కింది నాలుగేళ్లు. మా ఇంట్లో మిక్సీకి అంతకన్నా ఎక్కువ కాలం జార్లు దొరుకుతున్నాయి.

ఇంకో విచిత్రం చూడండి. ఈ మెషీన్‌లో గ్రాఫిక్స్‌కి విడిగా కార్డు లేదు, ప్రాసెసర్‌లోనే ఇమిడిపోయిన ఇంటెల్ హెచ్‌డీ 4000 ఉంది. ‘ఈ మెషీన్ పనికిరాదు’ అన్న బిగ్ సర్‌లోనే ఆ చిప్‌కి డ్రైవర్ ఉంది! తీసేసింది ఆ తర్వాతి మాంటెరీలో. గుమ్మంలో నిలబెట్టి ‘నీకు విస్తరి లేదు’ అన్నారు, లోపల విస్తరి వేసే ఉంది. అదే చిప్ లినక్స్‌లో ఈ రోజుకీ నడుస్తోంది.

ఓపెన్‌కోర్ లెగసీ ప్యాచర్ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. డోర్టానియా అనే బృందంలోని వాలంటీర్లు చేసింది. ఆపిల్ వదిలేసిన మాక్‌ల మీద కొత్త మాక్ఓఎస్ ఎక్కించడం దాని పని. మొదటి రాత్రి దాంతో సొనోమా ఎక్కించాను. ఎక్కింది. కానీ విండోని లాగితే ముక్కలుముక్కలుగా వెనకాల ఈడ్చుకుంటూ వస్తుంది. డాక్ అద్దంలా ఉండాల్సింది బూడిదరంగు పలకలా ఉంది. ఫ్యాన్ బుసలు కొడుతోంది. తెలుగులో ‘అమ్మ’ అని కొడితే ఒత్తు పడేసరికి నేను తర్వాతి మాట మర్చిపోతున్నాను. చిప్ చచ్చిందనుకున్నాను. వెనక మూత విప్పి, ర్యామ్ తీసి, తుడిచి మళ్లీ పెట్టాను. రాత్రి రెండింటికి చిన్నాన్న లేచొచ్చి “పోనీలేరా, దాని ఆయుష్షు తీరింది” అన్నాడు.

తీరలేదు. ఇంజనీరునై ఉండి నాకు ముందే తట్టాల్సింది. డ్రైవర్ లేనప్పుడు తెర మీది ప్రతి చుక్కనీ ప్రాసెసరే చేత్తో పెట్టినట్టు పెట్టుకోవాలి. గ్రాఫిక్స్ భాగం మెలకువగానే ఉంది, దానికి పని చెప్పేవాడు లేడు. రెండో రాత్రి ప్యాచర్‌లో ‘రూట్ ప్యాచ్’ నొక్కాను. సొనోమాలో లేని పాత డ్రైవర్ ఫైళ్లని అది సిస్టమ్‌లోకి తిరిగి చేరుస్తుంది. అంతే. కొత్త చిప్ లేదు, టంకం లేదు. రీస్టార్ట్ అయ్యాక ‘ఇంటెల్ హెచ్‌డీ గ్రాఫిక్స్ 4000, 1536 ఎంబీ’ అని కనిపించింది. విండోలు నూనె రాసినట్టు జారాయి. ఫ్యాన్ నోరు మూసుకుంది.

పొద్దున్న బయటికొస్తే దగ్గర్లోనే మెట్లబావి. పదిహేడో శతాబ్దం నాటిదంటారు. నా చిన్నప్పుడు అక్కడ బావి ఉందని చెబితేగాని తెలిసేది కాదు, దశాబ్దాల చెత్తతో పూడిపోయింది. 2021లో తవ్వడం మొదలెట్టారు, లారీలకొద్దీ చెత్త తీశారు. 2022 డిసెంబరు 5న కేటీఆర్ ప్రారంభించారు. కింద ఊట అలాగే ఉంది. ఈ పోలికని ఎక్కువ లాగను, పోలికలు లాగితే తెగుతాయి. కానీ ఆ బావి పనికిరాదని అన్నేళ్లూ నమ్మినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఈ సంగతి ఆఫీసులో చెబితే ఒక మిత్రుడు “అది దొంగతనం కాదూ?” అన్నాడు. కాదు. మాక్ఓఎస్‌ని ఆపిల్ ముద్ర ఉన్న కంప్యూటర్ మీదే వాడాలని లైసెన్సులో ఉంటుంది. ఫ్లోరిడాలో సైస్టార్ అనే కంపెనీ 2008లో మామూలు పీసీల మీద మాక్ఓఎస్ వేసి అమ్మితే ఆపిల్ కోర్టుకెక్కింది, 2009లో గెలిచింది. మనం పీసీల మీద సరదాగా చేసుకునే హ్యాకింటాష్‌లదీ ఆ గీత అవతలి బతుకే, నేను బుకాయించను. కానీ మా చెల్లెలి మెషీన్ మీద ఆపిల్ ముద్ర ఉంది, డబ్బు పెట్టి కొన్నది.

ఇంకొకాయన సెక్యూరిటీ సంగతెత్తాడు. ఇది గట్టి వాదన. పాత డ్రైవర్లు పెట్టాలంటే సిస్టమ్ భద్రత కొంత సడలించాలి, ఆపిల్ వేసిన సీలు విప్పాలి. ఆ మెషీన్‌లో బ్యాంకు పనులు చెయ్యొద్దని చెల్లెలికి గట్టిగా చెప్పాను. పైగా అప్‌డేట్ వేసినప్పుడల్లా ప్యాచ్ కొట్టుకుపోతుంది. నెల తిరక్కుండా ఆ పిల్ల అప్‌డేట్ నొక్కి, “అన్నా, మళ్లీ నత్తయింది” అని ఫోన్ చేసింది. సపోర్ట్ విలువ నాకు తెలియక కాదు. 2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ని కనిపించని అక్షరం ఒకదానితో కలిపి పంపితే ఐఫోన్లూ మాక్‌లూ కుప్పకూలాయి, గుర్తుందా? ఆ నెల 19కల్లా ఆపిల్ సరిచేసింది. జ్ఞానం దెబ్బకి పడిపోయిన ఫోన్లని లేపింది సపోర్టే.

అందుకే నేను అడిగేది చిరకాల సేవ కాదు. ‘మేం పరీక్షించం, మీ పూచీ మీదే’ అనండి, ఒప్పుకుంటాను. ‘నడవదు’ అనే అర్థం వచ్చేలా ‘సపోర్ట్ లేదు’ అనకండి. మొదటిది నిజం. రెండోది వ్యాపార నిర్ణయానికి తొడిగిన ఇంజనీరింగ్ చొక్కా. ఉన్న డ్రైవర్‌ని తీసేసి, మనుషులు తిరిగి పెట్టుకునే దారికి తాళం వెయ్యడం ఏ లెక్కన భద్రత? తాళం తీసుకోవడానికి కంపెనీయే ఒక పద్ధతి ఇవ్వొచ్చుగా, ఎర్రక్షరాల్లో హెచ్చరిక రాసి మరీ?

ఆపిల్ ఒక్కదాన్నే అని లాభం లేదు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సెలవంది మైక్రోసాఫ్ట్. విండోస్ 11కి టీపీఎం 2.0 కావాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలి. ఏడో తరం దాంట్లో వర్డ్ తెరుచుకోదా, ఎక్సెల్ కూడికలు తప్పుతుందా? ఇంటెల్ మాక్‌లకి టాహోయే ఆఖరిదని ఆపిల్ 2025 జూన్‌లో చెప్పేసింది. ఇవన్నీ ఎటు పోతాయో చూడాలంటే బన్సీలాల్‌పేట నుంచి ఎక్కువ దూరం పోనక్కర్లేదు, పక్కనే భోలక్‌పూర్ తుక్కు దుకాణాలున్నాయి. పనిచేసే చిప్‌లని కిలోల లెక్కన తూచే చోటికి పంపేది కంపెనీలొక్కటే కాదు. ‘కొత్తది తీస్కో’ అని అలవోకగా సలహా పారేసే నాలాంటి ఇంజనీర్ల వాటా కూడా ఉంది. మన జీతానికి అది సలహా. చిన్నాన్న జీతానికి ఆ పిల్ల చదువు.

ఆ మాక్‌బుక్ గొప్పగా నడుస్తోందని కోయను. మెటల్ వాడే యాప్‌లు కొన్ని మొరాయిస్తాయి. బిల్డ్ కొట్టి కిందికెళ్లి పాలప్యాకెట్ తెచ్చుకునేంత టైం పడుతుంది. అయినా ఆగస్టులో తన మొదటి యాప్ పంపింది. బస్సు పాస్ రెన్యువల్ తేదీ గుర్తుచేసే చిన్న యాప్. ఒకసారి తిరస్కరించారు. కారణం కోడ్‌లో తప్పు, మెషీన్ కాదు. సరిచేసి మళ్లీ పంపింది.

మొన్న సోమవారం ఆఫీసులో మళ్లీ ఒక పాత వెర్షన్ టికెట్ వచ్చింది. అలవాటుగా టైపు చేసి, చెరిపి, ‘ఈ వెర్షన్‌ని మేం పరీక్షించడం ఆపేశాం. నడవచ్చు. లాగ్ పంపితే చూస్తాను’ అని రాశాను. మేనేజర్ ఆ రెండో వాక్యం తీసెయ్యమన్నాడు. ఇంకా తియ్యలేదు.