క్రాక్: ఒక మాటకు అతికించిన వంశవృక్షం

ఐర్లండు మద్యశాలల్లో వినిపించే ‘క్రాక్’ అనే మాట ప్రాచీన గేలిక్ సంపద అని ఎవరైనా రాస్తే నాకు చిరాకు కలుగుతుంది. కబుర్లు, పాట, నవ్వు కలగలిసిన కాలక్షేపానికి అక్కడి పేరది. ‘ఏమిటి విశేషాలు?’ అని పలకరించడానికీ అదే మాట. అర్థంతో నాకు పేచీ లేదు, చెబుతున్న పుట్టుకతోనే.

మధ్యయుగపు ఆంగ్లంలోనే దీనికి బిగ్గరగా మాట్లాడటం, గొప్పలు చెప్పుకోవడం అనే అర్థాలుండేవి. స్కాట్లండులోనూ ఉత్తర ఇంగ్లండులోనూ కబుర్లనే అర్థం స్థిరపడింది. వాల్టర్ స్కాట్ నవల ‘రాబ్ రాయ్’లోనూ ఈ వాడుక ఉంది. అల్‌స్టర్ మీదుగా ఐర్లండంతటా వ్యాపించి, ఇరవయ్యో శతాబ్దంలో ఐరిష్ వర్ణక్రమం తొడుక్కుంది. ఆ వేషంతోనే తిరిగి ఆంగ్లంలో ప్రవేశించి, పర్యాటకుల ముందు ప్రాచీనతను నటిస్తోంది. చెవికి రెండూ ఒకటే, తేడా అంతా కంటికే! నిఘంటుకారుడు డియర్మిడ్ ఓ మురిహ ‘ఐరిష్ టైమ్స్’లో ఈ వేషాన్ని గట్టిగానే తప్పుబట్టాడు.

అలాగని ‘అది మా మాట, మీది నకిలీ’ అని వెక్కిరించే ఆంగ్లాభిమానులతోనూ నేను ఏకీభవించను. ఐరిష్ భాషలో రాసేవారు, మాట్లాడేవారు దాన్ని తమలో కలుపుకున్నారు. ఇక అది వారిది కూడా. పుట్టుక వేరు, హక్కు వేరు. హక్కుకోసం పుట్టుకను కల్పించనక్కరలేదు.

ఇంతకీ మనం తక్కువ తిన్నామా? పందికొక్కు ఆంగ్లంలో ‘బాండికూట్’ అయిందని మురిసిపోతాం. అరబ్బీనుండి వచ్చిన కుర్చీలో కూర్చునే అచ్చతెలుగుపై ఉపన్యసిస్తాం.