వేరు తెగిన మొక్క

మా బాల్కనీలో కరివేపాకు మొక్కకి ఆరేళ్లు. సంక్రాంతి దగ్గర్నుంచీ దిగాలుగా ఉంది. కొత్త ఆకు చిన్నగా వస్తోంది, కింది ఆకులు పసుపెక్కి రాలిపోతున్నాయి. పోసిన నీళ్లు పోసినట్టే పళ్లెంలోకి దిగిపోతున్నాయి. పుల్లమజ్జిగ పోశాను, లాభం లేదు. "పెద్ద కుండీ కొనేస్తే సరి" అన్నారు మావారు. ఇంకా పెద్దది పెడితే బట్టలు ఆరేయడానికి నేనెక్కడ నిలబడాలి?

శివరాత్రి వెళ్లి చలి తగ్గాక, కుండీని పక్కకి పడుకోబెట్టి తట్టి లాగాను. మొక్క కుండీ ఆకారంలోనే బయటికొచ్చింది. మట్టి కనబడితే ఒట్టు! అంతా చుట్టలు చుట్టుకున్న వేళ్లే. ఇక నీళ్లు నిలిచేదెక్కడ?

కొయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. "చచ్చిపోతుందేమో అత్తయ్యా" అన్నాను. మామయ్యగారు పోయాక, కిందటేడు ఊళ్లో ఇల్లు అమ్మేసి మా దగ్గరికొచ్చారావిడ. కత్తి తీసుకుని అడుగునా చుట్టూ ఉన్న వేళ్లలో మూడో వంతు కోసేశారు. లావు వేళ్ల జోలికి పోలేదు. తగ్గిన వేళ్లు అంత ఆకుకీ నీళ్లందించలేవని పైన కొమ్మలూ కత్తిరించారు. కుండీ కడిగి, కన్నం మీద పెంకు పెట్టి, ఎర్రమట్టి, ఇసుక, కాస్త మాగిన పశువుల ఎరువు కలిపి అందులోనే మళ్లీ నాటాం. నిండా నీళ్లు పోశాం.

మళ్లీ ఎండలో పెట్టబోతే ఆపారు. మజ్జిగ తేబోతే అదీ వద్దన్నారు.

"వేరు తెగినదానికి ముందు నీడ కావాలమ్మా. పదిరోజులు దాని మానాన దాన్నుండనీ. చిగురేశాక పోద్దువుగాని మజ్జిగ."

ఆవిడ మొక్క గురించే అన్నారు. నాకే ఎక్కడో తగిలింది. ఆవిడొచ్చిన మర్నాడే నేనన్న మాటలు గుర్తొచ్చాయి. "టీవీ ఉంది, గీజరుంది, కింద పార్కులో మీ ఈడువాళ్లున్నారు, ఇంకా దిగులేంటత్తయ్యా?" వారం తిరక్కుండా భజనలకి పంపించాను. అన్నం సయించడం లేదంటే టానిక్కు కొనిపించాను. అంతా ప్రేమతోనే. కానీ నలభై ఐదేళ్లు ఒకే వాకిట్లో ముగ్గు పెట్టిన మనిషిని నాలుగు రోజులు ఊరికే కూర్చోనిచ్చానా? ఆ ఇంటి గురించి ఒక్కసారైనా అడిగానా?

పెద్దవాళ్లని తెచ్చుకోవడం తప్పని నేననను. ఒక్కోసారి అదే దారి. వచ్చిన రోజునుంచే నవ్వుతూ తిరగాలని ఆశించడమే తప్పు. మీ ఇంటికి అలా ఎవరైనా వచ్చివుంటే, సౌకర్యాల జాబితా చదవకండి. పక్కన కూర్చుని ఆ వాకిలి ఎలా ఉండేదో అడగండి. నేను ఏడాది ఆలస్యంగా అడిగాను. ఆ రోజు రాత్రి పదకొండు దాకా చెప్పారు.

మూడు వారాలకి చిగురొచ్చింది. అత్తయ్యే పిలిచి చూపించారు. పప్పులోకి ఒక రెబ్బ తుంచబోతే చేతి మీద ఒక్కటిచ్చారు, "అప్పుడేనా!" అని.