స్కానర్ తీసేస్తే పన్ను పోదు

"స్కానర్ పెట్టుకుంటే పన్నులవాళ్ల కంట్లో పడతాం. నోట్లు తీసుకుంటే ఏ గొడవా ఉండదు." తిరుపతి గాంధీ రోడ్డులోనైనా, చిత్తూరు బజారులోనైనా, పలమనేరు సంతలోనైనా చిన్న అంగడి నడిపేవాళ్ల మధ్య ఇప్పుడు ఈ మాట గట్టిగా వినిపిస్తోంది. కొత్తగా అంగడి తెరిచే కుర్రవాడికి పెద్దలు చెప్పే తొలి జాగ్రత్త కూడా ఇదే. ఈ సలహా తప్పు. పైగా, ఎవరిని కాపాడాలని ఇస్తున్నారో వాళ్లకే ఎక్కువ చేటు చేసే తప్పు.

ఈ భయం ఊరికే పుట్టలేదు. 2025 జులైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ లెక్కలు చూసి వేలమంది చిన్న వర్తకులకు నోటీసులు పంపింది. హావేరిలో కూరగాయలు అమ్ముకునే వ్యాపారికి 29 లక్షల రూపాయలకు నోటీసు వచ్చింది. బెంగళూరులో ఎన్నో అంగళ్ల ముందు స్కానర్లు పీకేసి, నగదు మాత్రమే అని కాగితాలు అంటించారు. కుప్పానికీ, వి.కోటకూ, పలమనేరుకూ బెంగళూరు పరాయి ఊరు కాదు. కూరగాయల బండ్లూ, కూలికి పోయేవాళ్లూ, బంధువులూ రోజూ తిరిగే ఊరు. అక్కడి కలవరం ఇక్కడికి చేరడానికి ఎంతో కాలం పట్టలేదు.

కానీ చేరింది సగం కథే. వర్తకులు బంద్‌కు పిలుపునిచ్చాక ముఖ్యమంత్రి సిద్దరామయ్య వాళ్లను పిలిచి మాట్లాడారు. రిజిస్టర్ చేయించుకుంటే పాత బకాయిలు వసూలు చేయబోమని, పాలు, కూరగాయలు, పండ్ల వంటి పన్ను లేని సరుకులు అమ్మేవాళ్లను వేధించబోమని ప్రకటించారు. మన బజార్లలో ఈ రెండో సగాన్ని చెప్పుకునేవాళ్లు తక్కువ.

పన్ను పడేది అమ్మకం మీద. ఆ డబ్బు నోటుగా వచ్చిందా, ఫోన్లో వచ్చిందా అన్నది చట్టానికి అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో సరుకులు మాత్రమే అమ్మే అంగడికి ఏడాది అమ్మకాలు 40 లక్షల రూపాయలు దాటేదాకా మామూలుగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం లేదు. తెలంగాణలో ఈ హద్దు 20 లక్షలే. మనకు దానికి రెట్టింపు. 40 లక్షలంటే రోజుకు దాదాపు 11 వేల రూపాయల బేరం. టిఫిన్ హోటలు, సెలూను వంటి సేవలకు హద్దు 20 లక్షలు, అంటే రోజుకు సుమారు ఐదున్నర వేలు. రాష్ట్రం దాటించి సరుకు అమ్మేవాళ్లకు నిబంధనలు వేరు కాబట్టి, కలంకారీ బట్టలు బయటి రాష్ట్రాలకు పంపే శ్రీకాళహస్తి వాళ్లు ముందే అడిగి తెలుసుకోవాలి. ఇక తాజా కూరగాయలు, పండ్లు, విడిపూలు, కుంకుమ, విభూతి, మట్టిగాజులు వంటివాటి మీద జీఎస్టీయే లేదు. అవి మాత్రమే అమ్మేవాళ్లు రిజిస్టర్ చేసుకోవాల్సిన పనీ లేదు. గోవిందరాజస్వామి గుడి చుట్టూ, తిరుచానూరులో, కాణిపాకంలో బుట్టలు పెట్టుకుని కూర్చునేవాళ్లలో ఎంతమంది ఈ కోవలోకి వస్తారో చూడండి. వాళ్లను భయపెట్టి స్కానర్ తీయించడం అన్యాయం.

హద్దు దాటినవాళ్ల సంగతికి వద్దాం. ఏడాదికి కోటిన్నర దాకా అమ్మకాలున్న వర్తకులకు కాంపోజిషన్ స్కీమ్ ఉంది. సరుకులు అమ్మేవాళ్లు అమ్మకాల్లో ఒక శాతం, హోటళ్లవాళ్లు ఐదు శాతం కడితే సరిపోతుంది. ఆదాయపు పన్ను సంగతి చూస్తే నగదు వాదం ఇంకా తేలిపోతుంది. చిన్న వర్తకుడు పద్దులన్నీ చూపించకుండా అమ్మకాల్లో 8 శాతాన్ని లాభంగా చూపించుకునే వీలు చట్టంలో ఉంది. బ్యాంకు ద్వారా, ఫోన్ ద్వారా వచ్చిన సొమ్ముకైతే 6 శాతం చూపితే చాలు. 40 లక్షల అమ్మకాలన్నీ ఫోన్లోనే వచ్చాయనుకున్నా చూపించాల్సిన లాభం 2 లక్షల 40 వేలు. 2025-26 నుంచి కొత్త పద్ధతిలో 12 లక్షల దాకా ఆదాయానికి పన్ను లేదు. చట్టం ఫోన్ సొమ్మును నోటుకంటే మెత్తగా చూస్తోంది. మన పెద్దలు దీనికి సరిగ్గా తిరగేసి చెబుతున్నారు.

నోటు ఎవరికీ కనపడదన్న ధీమా కూడా నిలవదు. పొదుపు ఖాతాలో ఏడాదికి 10 లక్షలకు మించి నగదు వేస్తే బ్యాంకు ఆ సంగతి ఆదాయపు పన్ను శాఖకు తెలియజేస్తుంది. హోల్‌సేల్ వ్యాపారి జీఎస్టీ బిల్లు మీద సరుకు ఇస్తే ఆ కొనుగోలు అతని లెక్కల్లో ఉంటుంది. గల్లాపెట్టెలో దాచుకున్నామనుకున్నది పన్నుల శాఖకు ఏదో దారిన కనిపిస్తూనే ఉంటుంది. అధికారి నిలదీసిన రోజున, నిజంగా తక్కువ అమ్ముకున్న మనిషికి కూడా చేతిలో రుజువు ఉండదు.

ఈ రుజువే అసలు విషయం. మన ఊళ్లలో చిన్న వర్తకుడి దగ్గర లేనిది శ్రమ కాదు, నేర్పు కాదు. తన వ్యాపారం ఇంత అని చూపించే కాగితం. అది లేకనే బ్యాంకు గుమ్మం దగ్గర ఆగిపోయి డైలీ ఫైనాన్స్ వాడి చేతిలో పడుతున్నాడు. పది వేలు రాసుకుని తొమ్మిది వేలు చేతికిచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేసే అప్పు చూడటానికి చిన్నదే. లెక్క కడితే ఏడాదికి 75 శాతం పైచిలుకు వడ్డీ. పన్నుకు భయపడి నోట్లకే పరిమితమైనవాడు, చట్టం అడగని పన్నును తప్పించుకున్నానని సంతోషపడుతూ, ఏ చట్టమూ ఒప్పని వడ్డీని రోజూ సాయంత్రం కడుతున్నాడు.

వేరే దారి లేక కాదు. 2020 జూన్‌లో మొదలైన పీఎం స్వనిధి పథకాన్ని 2025 ఆగస్టులో కేంద్రం 2030 మార్చి దాకా పొడిగించింది. వీధి వ్యాపారులకు మొదటి విడత 15 వేలు, అది తీర్చితే 25 వేలు, ఆ తర్వాత 50 వేలు పూచీకత్తు లేకుండా ఇస్తారు. సకాలంలో కట్టినవాళ్లకు వడ్డీలో 7 శాతం రాయితీ ఉంది. ఫోన్ ద్వారా లావాదేవీలు చేసేవాళ్లకు ప్రోత్సాహకం కూడా ఉంది. స్కానర్ పీకేసుకున్నవాడు ఆ ప్రోత్సాహకాన్నీ, తన బేరానికి సాక్ష్యం చెప్పే ఖాతానూ కలిపి వదులుకుంటున్నాడు. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రల నుంచి ఫోను నమ్ముకుని వచ్చే భక్తుల బేరం పోవడం దీనికి అదనం.

స్కానర్ అంటిస్తే చాలు, అన్నీ చక్కబడతాయనే వాదాన్నీ నేను ఒప్పుకోను. కర్ణాటకలో చాలామంది ఇరుక్కున్నది అక్కడే. ఇంటి ఖర్చులు, చేబదులు, చీటీ డబ్బులు, అంగడి వసూళ్లు ఒకే ఖాతాలో కలిసిపోయాయి. వచ్చిన సొమ్మంతా అమ్మకమేనని శాఖ లెక్కేసింది. కాబట్టి మొదలుపెట్టేటప్పుడే వ్యాపారానికి వేరే ఖాతా తెరవాలి. సొంత నంబరు స్కానర్ కాకుండా వ్యాపారి స్కానర్ తీసుకోవాలి. ఇంటి డబ్బు అందులోకి రానివ్వకూడదు.

స్కానర్ ఎవరి పేరు మీద ఉందన్నది అంతకన్నా ముఖ్యం. పూలు అమ్మే తల్లి బుట్ట మీద కొడుకు స్కానర్, టిఫిన్ బండి నడిపే అక్క దగ్గర తమ్ముడి స్కానర్ మన ఊళ్లలో మామూలు. కష్టం ఆమెది, ఖాతా అతనిది. రేపు బ్యాంకు అప్పు ఇచ్చేది ఖాతా చూసి. నోటీసు వచ్చినా ఖాతా ఉన్నవాడికే వస్తుంది. కూర్చుని అమ్మే మనిషి పేరు మీదనే ఖాతా, ఫోన్ నంబరు ఉండాలి.

మోసాల భయం నిజమే, దానికి తగిన జాగ్రత్తలూ ఉన్నాయి. కొనేవాళ్లు చూపించే స్క్రీన్‌షాట్‌ను నమ్మకుండా సౌండ్ బాక్స్ పలికిందా, మన ఫోన్లో పడిందా చూసుకోవాలి. డబ్బు అందుకోవడానికి పిన్ కొట్టాల్సిన అవసరం ఎన్నడూ రాదు, కొట్టమన్నవాడు మోసగాడు. మన స్కానర్ మీద వేరే స్టిక్కర్ అంటించలేదు కదా అని పొద్దున్నే చూసుకోవాలి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. బ్యాంకు ఖాతా నుంచి యూపీఐలో వచ్చే సొమ్ముకు 2020 జనవరి నుంచి వ్యాపారి మీద రుసుము లేదు. సౌండ్ బాక్స్ నెల అద్దె ఎంతో ముందే అడగాలి.

నగదువాదుల మాటల్లో నిజంగా బరువున్నది ఒకటుంది. ఎక్కడో దోచిన సొమ్ములో కొంత టీ బంకు ఖాతాకు చేరితే, పోలీసుల ఉత్తరం మీద ఖాతా మొత్తం స్తంభింపజేయడం. కేరళలో ఇలా నలిగినవాళ్లు హైకోర్టుకు వెళితే, వివాదంలో ఉన్న మొత్తం వరకే ఆపాలని 2023లో కోర్టు చెప్పింది. ఆ పద్ధతి మన జిల్లాల్లో ప్రతి బ్యాంకు శాఖా పాటించాలని పట్టుబట్టడమే దీనికి మందు. స్కానర్ తీసేస్తే ఆ హక్కు కోసం అడిగే గొంతు కూడా ఉండదు.

వర్తక సంఘాలు పుకార్లు మోయడం మానాలి. 40 లక్షలు, 20 లక్షలు, పన్ను లేని సరుకుల జాబితా తెలుగులో అచ్చేసి ప్రతి అంగడికీ పంచాలి. పన్నుల శాఖ నోటీసు పంపే ముందు చిన్న వర్తకుడిని పిలిచి, ఏది అమ్మకమో ఏది చేబదులో వినాలి. ప్రభుత్వం అడగాల్సిన పద్ధతిలో అడగాలి, వర్తకుడు లెక్క చూపి జవాబు చెప్పాలి. లెక్కే లేకుండా చేసుకుని దాక్కోమనే సలహా, ఎంత ప్రేమతో ఇచ్చినా, చిన్న వర్తకుడిని ఎప్పటికీ చిన్నవాడిగానే ఉంచుతుంది.