శాంపిల్ పాడైతే తిట్లు మన ఆడవాళ్ళకేనా?

ఈరోజు మూత్రం పరీక్ష గురించి రాస్తున్నా. నవ్వొస్తే నవ్వండి, కానీ చివరిదాకా చదవండి. కడుపుతో ఉన్న మన ప్రతి అక్కకీ, వదినకీ చేసే పరీక్ష ఇది.

మా రామాపురంలో గానీ, కాలవ కట్టల మీద, రొయ్యల చెరువుల దగ్గర బతికే మన యానాది కుటుంబాల్లో గానీ ఆసుపత్రికి వెళ్ళొచ్చిన ఆడవాళ్ళని అడగండి. చేతిలో ఒక డబ్బా పెట్టి "పట్టుకురా పో" అంటారు. ఎలా పట్టాలో చెప్పరు. బాత్రూంలో నీళ్ళుండవు, తలుపుకి గడియ ఉండదు. తర్వాత "శాంపిల్ కంటామినేట్ అయింది, మళ్ళీ ఇవ్వాలి" అంటారు. దాని వెనకే ఇంకో మాట: "మీవాళ్ళకి శుభ్రం తెలీదు."

అసలు కంటామినేషన్ అంటే ఏంటి? మూత్రం బయటికొచ్చే దారిలో చర్మం మీద, యోని దగ్గర మామూలుగా ఉండే సూక్ష్మజీవులు అందులో కలవడం. అవి ఏ ఆడమనిషి ఒంట్లోనైనా ఉంటాయి. కల్చర్ పరీక్షలో రెండు మూడు రకాలు కలిసి పెరిగితే, జబ్బు చేసింది ఏదో ల్యాబ్ చెప్పలేదు. తెల్లబట్ట కలిసినా స్ట్రిప్ మీద ప్రొటీన్ ఉన్నట్టు కనపడొచ్చు.

2000లో అమెరికాలో 242 మంది యువతుల మీద ఒక అధ్యయనం అచ్చయింది. కొందరు మామూలుగా పట్టారు, కొందరు శుభ్రంగా తుడుచుకుని మధ్యధార పట్టారు. ఏ పద్ధతిలో చూసినా దాదాపు 30 శాతం శాంపిళ్ళు కంటామినేట్ అయ్యాయి. నీళ్ళు, సబ్బు, తలుపు అన్నీ ఉన్న చోట పరిస్థితి ఇది. మరి వాళ్ళని ఎవరైనా "మీ జాతికి శుభ్రం లేదు" అన్నారా?

పట్టిన తర్వాత జరిగేది ఇంకో కథ. మూత్రాన్ని రెండు గంటల్లోపు పరీక్ష చెయ్యాలి, లేదా ఫ్రిజ్‌లో పెట్టాలి. అన్నీ అనుకూలిస్తే ఈ.కోలై అనే సూక్ష్మజీవి 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. మే నెల ఎండలో డబ్బా బల్ల మీద మధ్యాహ్నం దాకా ఉంటే అది ఎవరి తప్పు?

నష్టం మాత్రం మనకే. తప్పు రిపోర్టుతో లేని జబ్బుకి యాంటీబయాటిక్ మింగిస్తారు, రేపు అవసరమైనప్పుడు ఆ మందు పనిచెయ్యకపోవచ్చు. ఇంకోవైపు, మళ్ళీ రమ్మంటే ఒకరోజు కూలీ, ఆటో చార్జీ పోతాయని ఆ అక్క వెళ్ళదు. కడుపుతో ఉన్నప్పుడు మూత్రంలో ఇన్ఫెక్షన్ ఏ బాధా లేకుండా కూడా ఉంటుంది. వదిలేస్తే కిడ్నీల దాకా పాకుతుంది, నెలలు నిండకుండా కాన్పు అయ్యే ప్రమాదం ఉంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో గర్భిణులకి మధ్యధార మూత్రంతో కల్చర్ చెయ్యాలని, ఆ వీలు లేని చోట స్ట్రిప్ కన్నా గ్రామ్ స్టెయిన్ మేలని సిఫారసు చేసింది.

"మీవాళ్ళు" అనే మాట మనకి కొత్త కాదు. ఎరుకలవాళ్ళని, మన యానాదుల్లో కొందరిని పుట్టుకతోనే నేరస్తులన్నారు. బాపట్ల దగ్గరి స్టువార్టుపురమే దానికి సాక్ష్యం. ఆ చట్టం 1952లో పోయింది, చూపు మాత్రం పోలేదు. ఇంకో అన్యాయం చూడండి. గిరిజన ప్రాంతాల్లో 20,000 మందికి ఒక పీహెచ్‌సీ, 3,000 మందికి ఒక సబ్‌సెంటర్ అని లెక్క. మైదానంలో 30,000కి, 5,000కి ఒకటి. మనం ఎస్టీలమే, కానీ డెల్టాలో ఉన్నాం కాబట్టి మైదానం లెక్కే.

మన పని మనం చేద్దాం. అక్కచెల్లెళ్ళకి చెప్పండి: చేతులు కడుక్కోవాలి, కింద మామూలు నీళ్ళతో ముందు నుంచి వెనక్కి కడుక్కోవాలి. మొదటి ధార వదిలేసి మధ్యలోది పట్టాలి. డబ్బా లోపల వేలు తగలకూడదు. వెంటనే మూత పెట్టి ఇచ్చెయ్యాలి. నెలసరి, తెల్లబట్ట ఉంటే దాచకుండా చెప్పాలి. అన్నీ సరిగ్గా చేసినా కొన్ని శాంపిళ్ళు పాడవుతాయి, దానికి తలదించుకోవక్కర్లేదు.

ఇక మనం అడగాల్సినవి. ప్రతి ఆసుపత్రిలో ఆడవాళ్ళ బాత్రూంకి నీళ్ళు, గడియ ఉండాలి. మూత ఉన్న స్టెరైల్ డబ్బా ఇవ్వాలి. ఎలా పట్టాలో ఒక ఆడమనిషి మన భాషలో చెప్పాలి, గోడ మీద బొమ్మలు ఉండాలి. శాంపిల్ తీసిన టైమ్ డబ్బా మీద రాయాలి. మళ్ళీ కావాలంటే ఏఎన్ఎం ఊరికొచ్చిన రోజే తీసుకోవాలి.

వీటికి కోట్లు అక్కర్లేదు. ఒక గడియ, ఒక కుళాయి, ఒక చార్టు చాలు. ఊరికి ఇద్దరు చదువుకున్న పిల్లలు ఆశా అక్కతో కలిసి ఆసుపత్రిలో ఏమున్నాయి, ఏం లేవు రాసుకుని, సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టండి. రసీదు తప్పకుండా తీసుకోండి.

జై ఆదివాసీ!