కథా కబుర్లు: పుట్టిల్లెంత దూరం?

కథలో మనుషుల గురించి మాట్లాడేటప్పుడు "పాత్రపోషణ బాగుంది" అనేసి ఊరుకుంటాం. ఆ పాత్ర ఎక్కడ నిలబడి ఉందో అంతగా పట్టించుకోం. ఊరూ, ఆచారమూ నాటకంలో తెరల్లాగా వెనక వేలాడుతుంటే చాలునని చాలామంది అభిప్రాయం. వైద్యుణ్ణి కనుక నాకిది మింగుడుపడదు. తలనొప్పితో వచ్చిన మనిషిని "ఏం పని చేస్తారు? ఇంట్లో ఎవరెవరుంటారు?" అని కూడా అడగమని మెడికల్ కాలేజీలో మొదటే నేర్పుతారు. చాలాసార్లు అసలు సంగతి ఆ జవాబుల్లోనే బయటపడుతుంది. కథకైనా అంతే.

మా వృత్తివాడే అయిన చెహోవ్ 1886లో ఒక చిన్న కథ రాశాడు. పీటర్స్‌బర్గులో మంచు కురిసే సాయంత్రం. గుర్రపుబండి తోలే ముసలి అయోనాకు కొడుకు ఆ వారమే పోయాడు. ఎవరితోనైనా చెప్పుకోవాలని తాపత్రయం. వినగలిగిన కూతురు పల్లెలో ఉంది. బండి ఎక్కినవాళ్లు అతని వెనక కూర్చుంటారు; అతను తిరిగి మాట మొదలుపెడితే, వాళ్ల తొందర వాళ్లది. చివరికి గుర్రానికి చెప్పుకుంటాడు. అదే మనిషి తన పల్లెలో ఉంటే ఈ కథే లేదు. ఆ ఒంటరితనం నగరమూ, కూలీ, ఆ బండి సీటూ కలిసి పెట్టింది.

ఇక మన గురజాడవారి 'దిద్దుబాటు' (1910). సానిపాట విని రాత్రి పొద్దుపోయి ఇల్లు చేరిన గోపాలరావుకి భార్య కమలిని కనబడదు, ఉత్తరం కనబడుతుంది. ఆ రోజుల్లో చదువుకున్న ఇల్లాలు కనుక ఉత్తరం రాయగలిగింది. పుట్టింటికి పోతానంటే మొగుడి గుండె జారింది, ఎందుకంటే పుట్టిల్లు నిజంగానే పోగలిగినంత దూరంలో ఉంది. తెలివి కమలినిదే, ఆ తెలివి పారేందుకు వీలిచ్చింది ఆ కాలమూ, ఆ ఊరూ.

ఇప్పుడు కమలినిని ఇక్కడికి, అమెరికాకి తీసుకురండి. చదువు ఇంకా ఎక్కువే. కాని ఉద్యోగానికి వీల్లేని వీసా. డ్రైవింగ్ లైసెన్సు లేదు. కారు తాళాలు ఆయన జేబులో. పుట్టిల్లు సముద్రాల అవతల, టిక్కెట్టు కొనాల్సింది ఆయనే. వెళ్లిపోతానని ఉత్తరం రాసినా ఆయన నమ్మడు. మంచం కింద నవ్వుతో ఆ కథ ఇక్కడ ముగియదు.

మన సంచికకు వచ్చే కథల్లో మంచూ, హైవేలూ బాగానే ఉంటాయి. ఈ కమలిని మాత్రం కనబడదు. కారణం దొరకని తలనొప్పితో, నిద్రపట్టని రాత్రులతో వచ్చే మన ఆడవాళ్లని నేను చూస్తూనే ఉంటాను. పరీక్షలన్నీ సవ్యంగా ఉంటాయి. "ఇంట్లో ఎవరెవరుంటారు?" అన్న ప్రశ్న దగ్గరే జవాబు ఆలస్యమవుతుంది.

ఆవిడ కథ మనం కాక ఎవరు రాస్తారు? ఇక్కడి రచయితకు పుట్టిల్లంటే ఏమిటో తెలీదు. అక్కడి రచయితకు పగలంతా తలుపులు మూసుండే ఈ అపార్టుమెంటు తెలీదు. కథకు కూర్చున్నప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈమె పుట్టిల్లెంత దూరం? కథలు రాయడం మా వల్ల కాదనేవారు పక్కింట్లో కొత్తగా దిగిన అమ్మాయికి కారు నడపడం నేర్పండి. కథ అలాగైనా మలుపు తిరుగుతుంది.